సిద్ధ నాగార్జునుడు

సిద్ధ నాగార్జునుడు భారతీయ రసవాద సంప్రదాయంలో మిక్కిలి ప్రసిద్ధుడైన ఆచార్యుడు. పాదరసాన్ని శుద్ధి చేసి, నిప్పుకు ఎగిరిపోకుండా బంధించి, దానితో రాగి, సీసం వంటి లోహాలను బంగారంగా మార్చడం ఒకటి, అదే రసంతో శరీరాన్ని ముసలితనం, మరణం నుండి తప్పించడం మరొకటి - ఈ రెండు విద్యలలోనూ ఈయన పేరు ముందుగా వినిపిస్తుంది. ఈయన నివాసంగా చాలా గ్రంథాలు చెప్పే శ్రీపర్వతం ఆంధ్రదేశంలోనిది. తెలుగు నవనాథ కథలలో ఈయన తొమ్మిదిమంది సిద్ధులలో ఒకడు. నిజామాబాదు జిల్లా పెర్కిట్‌ను ఆనుకుని ఉన్న ఆర్మూరు పట్టణంలోని నవనాథ సిద్ధుల గుట్ట ఆ సిద్ధుల పేరునే మోస్తున్నది.

శూన్యవాదాన్ని బోధించిన బౌద్ధ తత్వవేత్త ఆచార్య నాగార్జునుడు, ఈ రసవాది ఒక్కరేనని జనంలో గట్టి నమ్మకం ఉంది. చరిత్రకారులలో ఎక్కువమంది దీనిని అంగీకరించరు.

ఒకే పేరు, పలువురు వ్యక్తులు

నాగార్జునుడనే పేరుతో కనీసం ముగ్గురు వేర్వేరు కాలాలలో జీవించినట్లు తెలుస్తున్నది. మొదటివాడు మూలమధ్యమకకారికలను రచించిన తత్వవేత్త. ఈయన సాధారణ శకం 2వ శతాబ్దం ప్రాంతంవాడు. ఒక శాతవాహన రాజుకు హితబోధగా సుహృల్లేఖ అనే లేఖను వ్రాశాడని ప్రతీతి. రెండవవాడు సరహుని శిష్యపరంపరకు చెందిన వజ్రయాన ఆచార్యుడు. గుహ్యసమాజ తంత్రంపై పంచక్రమం అనే గ్రంథం ఈయన పేర ఉంది. ఈయన మొదటివానికి కొన్ని శతాబ్దాల తరువాతివాడు. మూడవవాడు రసవాది. 1030 ప్రాంతంలో భారతదేశం గురించి వ్రాసిన అల్‌బిరూనీ, సోమనాథానికి దగ్గరలోని దైహక్ అనే కోటకు చెందిన నాగార్జునుడు రసాయన విద్యలో గొప్పవాడని, ఆ విద్య సారమంతా ఒక గ్రంథంలో పెట్టాడని, తనకు సుమారు నూరేళ్ళ ముందు జీవించాడని తెలిపాడు. ఈ లెక్కన రసవాది 10వ శతాబ్దంవాడు కావాలి. అయితే నాగార్జునుడు రాళ్ళను బంగారం చేసిన కథ అంతకు మూడు వందల ఏళ్ళ ముందే చైనా యాత్రికుని చెవిన పడింది. కనుక అల్‌బిరూనీ విన్న కాలం పొరపాటైనా కావాలి, లేదా పాత కథ ఒకటి కొత్త మనిషికి అంటుకుని ఉండాలి. రెండవదే ఎక్కువ సంభవం.

వీరు కాక వైద్యుల నాగార్జునుడు కూడా ఉన్నాడు. సుశ్రుత సంహితను సంస్కరించినవాడు నాగార్జునుడని 12వ శతాబ్దపు వ్యాఖ్యాత డల్హణుడు చెప్పాడు. నాగార్జునుని కంటి మందు ఒకటి పాటలీపుత్రంలోని స్తంభంపై చెక్కబడి ఉండేదని వృందుని సిద్ధయోగం అనే వైద్యగ్రంథం పేర్కొంటుంది. మందుల పేర్లను నలుగురూ చదువుకొనేలా రాతిపై వ్రాయించిన ఈ నాగార్జునుడు, తన రహస్యాలను గురువు అనుమతి లేనిదే చెప్పవద్దనే రసవాదులకు పూర్తిగా భిన్నమైన మనిషిగా కనిపిస్తాడు.

టిబెట్టు చరిత్రకారులకు ఈ చిక్కు బాగా తెలుసు. వారు దీనిని విప్పిన పద్ధతి విచిత్రమైనది. 14వ శతాబ్దానికి చెందిన బూతోన్ నాగార్జునునికి ఆరు వందల ఏళ్ళ ఆయుష్షు లెక్కగట్టాడు. మనుషులను విడదీయడానికి బదులు ఒక మనిషి ఆయుష్షును సాగదీశారన్నమాట. అంత కాలం బ్రతకాలంటే ఏదో రసాయనం సేవించి ఉండాలి. తత్వవేత్త జీవితంలోకి పాదరసం ఇంత లోతుగా చొరబడటానికి ఈ లెక్క కూడా ఒక కారణం కావచ్చు.

యౌవనం - వాసన చూసి చెప్పిన మందు

నాగార్జునుని జీవితకథలలో ఇప్పటికి దొరుకుతున్నవాటిలో పాతది, 5వ శతాబ్దం ఆరంభంలో కుమారజీవుడు చైనా భాషలోకి తెచ్చినది. ఇందులో బంగారం చేసే ప్రసక్తి లేదు. కాని రసాయన విద్యకు దగ్గరగా వచ్చే ఒక సన్నివేశం ఉంది.

దక్షిణ దేశంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన నాగార్జునుడు చిన్ననాటనే వేదాలు, జ్యోతిషం, గణితం నేర్చుకున్నాడు. యౌవనంలో ముగ్గురు మిత్రులతో కలిసి, ఇక నేర్వదగిన విద్య ఏదీ మిగలలేదని, సుఖాలను అనుభవించడమే తరువాయి అని తీర్మానించుకున్నాడు. అందుకు కనపడకుండా తిరిగే విద్య కావాలని నలుగురూ ఒక మాంత్రికుని ఆశ్రయించారు. విద్య చెబితే వీరు తనను విడిచిపోతారని తలచిన ఆ గురువు, విద్యకు బదులు తలా ఒక మాత్ర ఇచ్చి, నీటితో నూరి కంటికి రాసుకొమ్మన్నాడు. నాగార్జునుడు మాత్రను నూరుతూనే దాని వాసనను బట్టి అందులోని దినుసులను, వాటి పాళ్ళను గుర్తుపట్టాడు. మందులో డెబ్బై దినుసులు ఉన్నాయని గురువుకు చెప్పగా ఆయన నిర్ఘాంతపోయి, ఇటువంటివాని వద్ద దాచడం వ్యర్థమని విద్యను నలుగురికీ ఉపదేశించాడు.

తరువాత నలుగురూ అదృశ్యరూపంలో రాజాంతఃపురంలో ప్రవేశించారు. కొన్నాళ్ళకు అంతఃపుర స్త్రీలు గర్భవతులు కావడంతో రాజు ద్వారాల వద్ద సన్నని మట్టి చల్లించాడు. అడుగుల గుర్తులను బట్టి భటులు గాలిలో కత్తులు తిప్పగా ముగ్గురు మిత్రులు చనిపోయారు. నాగార్జునుడు మాత్రం రాజు పక్కనే ఊపిరి బిగబట్టి నిలబడి బ్రతికిపోయాడు. కోరికే దుఃఖానికి మూలమని ఆ క్షణంలో గ్రహించి, బయటపడిన తరువాత సన్యసించాడని కథ. కంటికి కనపడని మనిషికి కూడా బరువు ఉంటుందని, మట్టి దానిని పట్టి ఇస్తుందని ఊహించిన కథకుని తర్కం మెచ్చుకోదగినది.

బంగారం చేసిన కథలు

7వ శతాబ్దంలో భారతదేశమంతటా తిరిగిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్, దక్షిణ కోసల దేశ ప్రస్తావనలో నాగార్జునుని గురించి వివరంగా వ్రాశాడు. శాతవాహన రాజు నాగార్జునుని కొరకు తుమ్మెదల కొండ (భ్రమరగిరి) మీద రాతిని తొలిపించి అయిదు అంతస్తుల విహారాన్ని కట్టించ పూనుకున్నాడు. పని సగంలో ఉండగా ఖజానా ఖాళీ అయింది. రాజు దిగులుపడుతుంటే నాగార్జునుడు ఒక ఔషధాన్ని పెద్ద పెద్ద బండలపై చల్లాడు. మరునాడు రాజు అడవికి పోయి చూడగా బండలు బంగారమై ఉన్నాయి. దానితో పని పూర్తయింది. ఈ భ్రమరగిరి శ్రీశైలమేనని, అక్కడి భ్రమరాంబ పేరు ఇందుకు గుర్తని కొందరు పరిశోధకుల అభిప్రాయం. దీనిని ఇతర ప్రాంతాలలో వెతికినవారు కూడా ఉన్నారు.

అదే శతాబ్దంలో బాణుడు హర్షచరిత్రలో నాగార్జునుడు నాగలోకం నుండి తెచ్చిన ముత్యాల ఏకావళిని తన మిత్రుడైన శాతవాహనునికి ఇచ్చినట్లు వ్రాశాడు. ఆ హారం విషాన్ని హరిస్తుందట. అంటే 7వ శతాబ్దం నాటికే, శాతవాహన రాజు, నాగార్జునుడు, అద్భుత ద్రవ్యాలు అనే మూడు అంశాలు ఒకచోట చేరాయి.

టిబెట్టు కథలలో రంగం నలందకు మారుతుంది. పన్నెండేళ్ళ కరువులో విహారంలోని భిక్షువులకు తిండి లేకపోయినప్పుడు నాగార్జునుడు బంగారం చేసే రసాన్ని సంపాదించి, ఆ బంగారంతో ధాన్యం కొని వారిని పోషించాడు. కరువు తీరిన తరువాత సంఘం ఆయనను మెచ్చుకోలేదు. ఎవరినీ అడగకుండా ఇటువంటి వృత్తితో తమను పోషించినందుకు తప్పు పట్టి ప్రాయశ్చిత్తం విధించింది.

ఎనభై నలుగురు సిద్ధుల చరిత్రను చెప్పిన అభయదత్తుని గ్రంథంలో మరొక కథ ఉంది. జనుల దారిద్ర్యాన్ని ఒక్కసారిగా తీర్చాలని నాగార్జునుడు గంధశిల అనే కొండను బంగారం చేయబోయాడు. కొండ మొదట ఇనుమైంది, తరువాత రాగి అయింది. అప్పుడు మంజుశ్రీ ప్రత్యక్షమై, ఇంత బంగారం ఉంటే జనులు దాని కోసం కొట్టుకుని పాపం మూటగట్టుకుంటారని వారించగా నాగార్జునుడు అంతటితో మానుకున్నాడు. ఆ కొండ ఇప్పటికీ రాగి రంగులో ఉంటుందని కథ ముగుస్తుంది. శ్రీశైల కొండను బంగారం చేయబోవడం, దైవం అడ్డుపడటం తెలుగు నవనాథ కథలలో కూడా వినిపిస్తుంది.

ఈ కథలన్నింటిలోనూ నాగార్జునుడు తన కోసం బంగారం చేసుకోడు. ఆగిపోయిన కట్టడానికో, ఆకలితో ఉన్నవారికో, పేదలకో చేస్తాడు. అయినా ప్రతిచోటా ఎవరో ఒకరు ఆయనను నిలవరిస్తారు, లేదా నిందిస్తారు.

అమృతం, మరణం

కాశ్మీర కవి సోమదేవుడు 11వ శతాబ్దంలో రచించిన కథాసరిత్సాగరంలో నాగార్జునుడు భిక్షువు కాడు, భార్యాపుత్రులు గల మంత్రి. చిరాయువు అనే రాజు వద్ద ఉంటూ, తన రసాయనంతో తనకు, రాజుకు ముసలితనం రాకుండా చేశాడు. ఈయనకు ఇష్టుడైన చిన్న కుమారుడు ఒకడు చనిపోయాడు. ఆ దుఃఖంతో, ఇక లోకంలో ఎవరికీ చావు ఉండకూడదని అమృతాన్ని తయారు చేయడం మొదలుపెట్టాడు. ఒక్క మూలిక కలపడం మిగిలి ఉండగా ఇంద్రుడు అశ్వినీ దేవతలను పంపాడు. మనుషులు చావకపోతే దేవతలకు, మనుషులకు భేదం ఉండదని, యజ్ఞాలు ఆగిపోతాయని, చనిపోయిన కుమారుడు స్వర్గంలో సుఖంగా ఉన్నాడని వారు చెప్పారు. నాగార్జునుడు ఆలోచించి, సిద్ధం చేసినదంతా భూమిలో పాతిపెట్టాడు. రసవాదం గురించి భారతదేశంలో పుట్టిన కథలలో, ఆ విద్యకు పూనుకోవడానికి ఇంతకంటె నమ్మదగిన కారణం చూపినది మరొకటి లేదు.

మరణ కథ మాత్రం హ్యూయన్‌త్సాంగ్ వద్ద, సోమదేవుని వద్ద దాదాపు ఒకే తీరుగా ఉంది. రాజు ఎంతకూ చావడు. యువరాజు సింహాసనం కోసం ఎదురుచూసి విసిగిపోతాడు. రాజు ఆయుష్షు నాగార్జునుని మందుపై ఆధారపడి ఉన్నదని, నాగార్జునుడు అడిగినది లేదనడని తల్లి యువరాజుకు చెబుతుంది. యువరాజు వెళ్ళి ఆయన తలను దానంగా అడుగుతాడు. హ్యూయన్‌త్సాంగ్ విన్న కథలో నాగార్జునుడు ఎండిన గడ్డిపోచతో తన మెడను తానే కోసుకుంటాడు. సోమదేవుని కథలో యువరాజు కత్తితో నరకగా, రసాయనంతో గట్టిపడిన మెడకు తగిలి కత్తులు ఒకదాని తరువాత ఒకటి విరిగిపోతాయి. చివరకు నాగార్జునుడే ఒక చూర్ణాన్ని కత్తి అంచుకు పూసి ఇస్తాడు. తన మందును తెంచే మందు కూడా తన వద్దే ఉన్నదన్నమాట. రెండు కథలలోనూ రాజు ఆయన తరువాత ఎక్కువ కాలం బ్రతకడు.

కుమారజీవుని పాత కథలో ఈ తలదానం లేదు. అందులో నాగార్జునుడు గదిలోకి వెళ్ళి తలుపు మూసుకుంటాడు. శిష్యులు తలుపు విరిచి చూసేసరికి పోయి ఉంటాడు.

గ్రంథాలు

నాగార్జునుని రసవాద గ్రంథంగా రసరత్నాకరం పేరు తెలుగు పుస్తకాలలో, పాఠ్యగ్రంథాలలో తరచు కనిపిస్తుంది. దీనికి మూలం ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ 1902, 1909లలో రెండు సంపుటాలుగా ప్రచురించిన హిందూ రసాయన శాస్త్ర చరిత్ర. ఆయన ఒక వ్రాతప్రతి ఆధారంగా ఈ గ్రంథ భాగాలను ప్రకటించి, 7, 8 శతాబ్దాల కాలానిదిగా భావించాడు. అయితే 1984లో డొమినిక్ వుయాస్టిక్ అనే పండితుడు వ్రాతప్రతులను పోల్చి చూసి, నాగార్జునుని రసరత్నాకరం అనే విడి గ్రంథం అసలు లేదని, ఆ ప్రతిలో ఉన్నది నాగార్జునుని పేర ఉన్న రసేంద్రమంగళం అనే గ్రంథమేనని నిరూపించాడు. రసరత్నాకరం అనే పేరుతో నిజంగా ఉన్న పెద్ద గ్రంథం నిత్యనాథ సిద్ధునిది. ఇద్దరి పుస్తకాలు ఒకటిగా చెప్పడం ఇప్పటికీ చాలాచోట్ల జరుగుతున్నది. విద్యార్థులు ఈ భేదాన్ని గమనించాలి.

రసేంద్రమంగళంలో కొంత భాగం సంభాషణ రూపంలో ఉంది. నాగార్జునుడు పన్నెండేళ్ళు తపస్సు చేయగా మర్రిచెట్టుపై ఉండే వటయక్షిణి ప్రత్యక్షమై వరం కోరుకొమ్మంటుంది. ఆయన పాదరసాన్ని బంధించే ఉపాయం అడుగుతాడు. శాలివాహనుడు, రత్నఘోషుడు అనేవారు కూడా సంభాషణలో పాల్గొంటారు. ఆ తరువాతి భాగం పూర్తిగా పనివాని పుస్తకం. ఏ ఖనిజాన్ని దేనితో నూరాలి, ఎందులో ఉడికించాలి, ఎంత వేడి పెట్టాలి అనే వివరాలే ఉంటాయి.

రసశాల - నిత్య జీవితపు వస్తువులు

రసవాదుల పరికరాల పేర్లు గంభీరంగా ఉన్నా, వాటిలో చాలావరకు వంటింటి నుండి, కంసాలి కొలిమి నుండి వచ్చినవే. డోలాయంత్రం అంటే సగం వరకు ద్రవం పోసిన కుండ. దాని మూతిపై అడ్డకర్ర పెట్టి, గుడ్డలో మూటకట్టిన మందును ఉయ్యాలలా వేలాడదీసి ఉడికిస్తారు. ఊర్ధ్వపాతన యంత్రం అంటే మూతికి మూతి కలిపి బోర్లించిన రెండు కుండలు. సందును గుడ్డతో, మట్టితో మూస్తారు. దీనినే తెలుగు వైద్యులు చీలమన్ను చేయడం అంటారు. కింది కుండను వేడి చేసి, పై కుండపై తడిగుడ్డ వేస్తే, పాదరసం ఆవిరై పైకి పోయి చల్లబడి పై కుండ లోపలి గోడకు చిన్న చిన్న బిందువులుగా అంటుకుంటుంది. ఇంగిలీకం నుండి పాదరసాన్ని తీయడానికి ఇది చక్కగా పనిచేసే పద్ధతి.

వేడిని కొలవడానికి ఉష్ణమాపకాలు లేని కాలంలో పిడకల లెక్కే కొలత. 13వ శతాబ్దం నాటి రసరత్నసముచ్చయం మహాపుటం అనే గుంతకు కింద వేయి, పైన అయిదు వందల పిడకలు పెట్టమంటుంది. ఎండిన పేడ నిలకడగా, నెమ్మదిగా కాలుతుంది. పిడకల సంఖ్య, గుంత కొలత ఒకటే అయితే వేడి కూడా దాదాపు ఒకేలా వస్తుంది. ఇది నేటి ప్రయోగశాలలో కోరుకునే గుణమే.

పాదరస శుద్ధిలో వాడే వస్తువులు ఇంకా ఆశ్చర్యం కలిగిస్తాయి: పసుపు, ఇటుక పొడి, పొగచూరు, ఉన్ని బూడిద, నిమ్మరసం, వెల్లుల్లి, సైంధవ లవణం. వీటిని పాదరసంతో పాటు కల్వంలో వేసి రోజుల తరబడి నూరి, కడిగి, మళ్ళీ నూరుతారు. అందులోని తుప్పు, దుమ్ము పొడులకు అంటుకుని పోవడం, పులుపుకు కొన్ని లోహ మలినాలు కరగడం వలన పాదరసం మెరుగవుతుంది. అయితే సీసం, తగరం వంటివి పూర్తిగా పోవాలంటే పాతనమే శరణ్యం. గ్రంథకర్తలకు ఇది తెలుసు కనుకనే నూరిన తరువాత మూడు విధాల పాతనం చెప్పారు.

పసుపుకు సంస్కృత నిఘంటువులలో కాంచని అని ఒక పేరుంది. కాంచనమంటే బంగారం. రంగును బట్టి వచ్చిన పేరే అయినా, బంగారం కోసం సాగిన సాధనలో తొలి మెట్టున ఉన్న దినుసుకు బాగా నప్పింది.

రాగి బంగారమైందా?

నాగార్జునుని పేర ఉన్న గ్రంథంలో రసకం (ఖర్పరం) అనే ఖనిజంతో రాగిని మూడుసార్లు పుటం వేస్తే బంగారమవుతుందని, ఇందులో వింత ఏమీ లేదని చెప్పబడింది. రసకం యశదపు ఖనిజం. దానిని బొగ్గుతో, రాగితో కలిపి మూసలో కాలిస్తే యశదం రాగిలో కలిసి పచ్చని ఇత్తడి వస్తుంది. కంటికి అది బంగారమే. అదే రసకాన్ని లక్క, ఉన్ని వంటివాటితో కలిపి మూసలో కాల్చి, తగరాన్ని పోలిన సత్త్వాన్ని తీసే పద్ధతి కూడా ఆ గ్రంథంలో ఉంది. ఆ సత్త్వం యశదం (జింకు). యశదం తయారయ్యే వేడికే ఆవిరైపోతుంది కనుక దానిని లోహంగా పట్టుకోవడం ఎంతో కష్టం. రాజస్థాన్‌లోని జావర్ గనుల వద్ద మధ్యయుగాల నాటి యశద పాతన కొలుములు బయటపడటంతో ఈ విద్య పుస్తకాలకే పరిమితం కాలేదని తేలింది. ఐరోపాలో యశదాన్ని పెద్ద ఎత్తున తీయడం 18వ శతాబ్దంలో గాని మొదలు కాలేదు. బంగారం కోసం వెతికినవారు దానిని సాధించలేదు గాని ఒక లోహాన్ని సాధించారు.

పాదరసంపై నమ్మకానికి మరొక కారణం బంగారు మొలాము. బంగారం పాదరసంలో కరిగి ముద్దవుతుంది. ఆ ముద్దను రాగి పాత్రకు పూసి కాలిస్తే పాదరసం ఎగిరిపోయి బంగారు పూత నిలుస్తుంది. పని తెలియనివారికి పాదరసమే రాగిని బంగారం చేసినట్లు తోస్తుంది. ఈ ఆవిరి పీల్చిన పనివారికి వణుకు, నోటిపూత, మతిభ్రమ కలిగేవి. రసౌషధాల విషయంలో కూడా ఇదే జాగ్రత్త అవసరం. పాదరసం చేరిన మందులు మూత్రపిండాలకు, నాడీమండలానికి హాని చేయగలవని ఆధునిక వైద్యం స్పష్టంగా చెబుతుంది.

ఆధునిక భౌతిక శాస్త్రంలో

పరమాణు కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్యే మూలకాన్ని నిర్ణయిస్తుంది. పాదరసానికి 80, బంగారానికి 79. తేడా ఒక్కటే. రసవాదులు బంగారానికి పక్కనే ఉన్న మూలకాన్ని ఎన్నుకోవడం యాదృచ్ఛికమే అయినా ఆసక్తికరమైనది. పిడకల మంట గాని, ఆమ్లాలు గాని పరమాణువులోని ఎలక్ట్రాన్లను మాత్రమే కదిలించగలవు, కేంద్రకాన్ని తాకలేవు. కాబట్టి కొలిమిలో ఈ మార్పు అసాధ్యం.

ఈ సంగతి తెలిసిన కాలంలో కూడా పొరపాట్లు జరిగాయి. 1924లో బెర్లిన్‌లో అడోల్ఫ్ మీథే అనే శాస్త్రవేత్త, పాదరసపు ఆవిరి దీపంలో బంగారం పుట్టినట్లు ప్రకటించాడు. జపానులో నగావోకా హంతారో కూడా ఇటువంటి ఫలితమే వచ్చిందన్నాడు. ఫ్రిట్జ్ హాబర్ తదితరులు జాగ్రత్తగా పరీక్షించి, ఆ బంగారం పాదరసంలోను, పరికరాలలోను ముందునుంచే స్వల్పంగా ఉన్నదని తేల్చారు. పాదరసాన్ని ముందుగా పూర్తిగా శుద్ధి చేయాలన్న పాత రసవాదుల పట్టుదల ఇక్కడ గుర్తుకు రాక మానదు.

1941లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వేగవంతమైన న్యూట్రాన్లతో పాదరసాన్ని తాకించి నిజంగానే బంగారాన్ని పుట్టించారు. అది రేడియోధార్మిక రూపంలో ఉండి కొద్ది కాలంలోనే క్షయించింది. జెనీవా వద్ద సెర్న్ ప్రయోగశాలలో 2015-2018 మధ్య సీసపు కేంద్రకాల తాకిడిలో పుట్టిన బంగారం మొత్తం 29 పికోగ్రాములని ఆలిస్ ప్రయోగ బృందం 2025లో ప్రకటించింది. అది కంటికి కనిపించేంత కూడా కాదు, పుట్టిన క్షణంలోనే చెదిరిపోయింది.

తెలుగునాట

నాగార్జునకొండ పేరు వినగానే ఆచార్య నాగార్జునుడు అక్కడే నివసించాడని అనుకోవడం సహజం. 1926లో వెలుగులోకి వచ్చిన ఈ స్థలంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, అనేక బౌద్ధ విహారాలు బయటపడ్డాయి. అక్కడి శాసనాలలో శ్రీపర్వతం పేరుంది గాని, ఆచార్య నాగార్జునుని ప్రస్తావన లేదు. కొండకు ఆ పేరు తరువాతి కాలంలో వచ్చింది. జగ్గయ్యపేటలో దొరికిన ఒక శాసనంలో మాత్రం భదంత నాగార్జునాచార్యుని శిష్యపరంపర కనిపిస్తుంది. నాగార్జునసాగర్ జలాశయానికి, గుంటూరు సమీపంలో 1976లో ఏర్పడిన విశ్వవిద్యాలయానికి తత్వవేత్త పేరే పెట్టబడింది.

రసవాది జ్ఞాపకం ఎక్కువగా శ్రీశైలం చుట్టూ ఉంది. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణం శ్రీశైల మహిమలను విస్తారంగా వర్ణిస్తుంది. నిత్యనాథుని రసరత్నాకరంలో శ్రీశైల పరిసరాలలో ఏ గుహలో, ఏ మడుగులో, ఏ రాతివద్ద సిద్ధి కలుగుతుందో దారి చెప్పినట్లుగా వ్రాయబడి ఉంది. మల్లికార్జున ఆలయ ప్రాకారపు గోడపై సిద్ధుల శిల్పాలు వరుసగా చెక్కబడి ఉన్నాయి. 15వ శతాబ్దంలో గౌరన, శ్రీశైలంలోని భిక్షావృత్తి మఠాధిపతి కోరికపై ద్విపదలో నవనాథ చరిత్రను రచించాడు. మీననాథుడు, గోరక్షుడు, సారంగధరుడు మొదలైన తొమ్మిదిమందిలో నాగార్జునుడు కూడా ఒకడు. బౌద్ధ భిక్షువుగా మొదలైన పేరు ఇక్కడ పూర్తిగా శైవ సిద్ధుని పేరుగా మారింది.

గోదావరికి దక్షిణాన ఉన్న ఆర్మూరు ప్రాంతంలో నవనాథుల జ్ఞాపకం పుస్తకాలలో కాక కొండపై నిలిచింది. పట్టణాన్ని ఆనుకుని నల్లని బండలు ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండే నవనాథ సిద్ధుల గుట్టపై సిద్ధేశ్వరుని గుహాలయం ఉంది. తొమ్మిదిమంది సిద్ధులు ఈ గుట్టపై తపస్సు చేశారని, అందువలన ఊరికి నవనాథపురమని పేరు ఉండేదని, ఆరు, మూడు కలిస్తే తొమ్మిది కనుక అదే ఆర్మూరు అయిందని స్థానికులు చెబుతారు. ఈ వ్యుత్పత్తి జనశ్రుతి మాత్రమే. గుట్టపై తపస్సు చేసిన తొమ్మిదిమంది ఎవరెవరో చెప్పే పట్టిక కూడా ప్రాంతాన్ని బట్టి, గ్రంథాన్ని బట్టి మారుతుంది. గౌరన పట్టికను అనుసరిస్తే నాగార్జునుడు వారిలో ఉంటాడు, మరికొన్ని పట్టికలను అనుసరిస్తే ఉండడు.

గుట్టకు చేరువలోని పెర్కిట్, ఆర్మూరు పరిసరాల పొలాలు పసుపు పంటకు పేరుపొందాయి. పసుపు రకాలలో ఒకదానికి ఆర్మూరు పేరే ఉంది. తవ్విన దుంపలను ఉడకబెట్టి, కళ్ళాలలో రోజుల తరబడి ఆరబోసి, పైపొట్టు పోయి రంగు తేలేవరకు రాపిడి చేసిన తరువాతనే కొమ్ములు అంగడికి చేరుతాయి.